కెమెరా ఇంకా రాలేదు, అఫ్వా మాత్రం వచ్చేసింది

ఉర్దూలో పుకారుని అఫ్వా అంటాం. అరబీ నుంచి వచ్చిన లఫ్జ్ అది. అక్కడ దాని అసలు అర్థం ‘నోళ్లు’. తెలుగులో వదంతి అంటాం. సంస్కృతంలో ఆ మాటకి ‘అంటున్నారు’ అని అర్థం. నోళ్లున్నాయి, అనడం ఉంది, అన్న మనిషే ఎక్కడా కనిపించడు. ‘పుకారు’ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఉర్దూలో పుకార్ అంటే పిలుపు, కేక. తెలుగులోకొచ్చి అదే గాలికబురైంది. బడిలో ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు చదివినవాణ్ని కాబట్టి ఇలా మాటలు ఇంటి నుంచి ఇంటికి వెళ్లడం చూస్తే నాకు సరదా. ఇవాళ మాత్రం ఒక రకం అఫ్వా వల్ల మనవాళ్ల జేబుకి పడుతున్న చిల్లు గురించి రాస్తున్నా. కెమెరాల అఫ్వా.

చాలామందికి ఇది షౌకీన్ల కాలక్షేపంలా కనిపిస్తుంది. కొత్త ఫోన్ ఎప్పుడు, కొత్త బైక్ ఎప్పుడు అని చాయ్ దగ్గర మాట్లాడుకున్నట్టే కదా అనుకుంటాం. కానీ మన ఇళ్లల్లో ఎంతోమందికి కెమెరాయే రోజీ రోటీ. షాదీలకు ఫోటోలు తీసేవాళ్లు, వీడియో తీసేవాళ్లు, రాత్రంతా కూర్చుని ఆల్బం డిజైన్ చేసేవాళ్లు, జిల్లా నుంచి పేపర్‌కి ఫోటోలు పంపే స్ట్రింగర్లు. ఆడవాళ్ల వైపు ఫోటోలు తీయడానికి ఆడవాళ్లే కావాలని అడిగే ఇళ్లున్నాయి కాబట్టి మన ఆడపిల్లలు కూడా ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్లలో ఎవరి చేతిలోనూ ఊరికే పడి ఉన్న డబ్బు లేదు. కెమెరా కొనాలంటే చిట్టీ పాడాలి, లేదా అమ్మీ గాజులు తాకట్టుకి వెళ్లాలి, లేదా కిస్తీలు కట్టాలి. అలాంటి ఇంటికి అఫ్వా వచ్చి కూర్చుంటే అది కాలక్షేపంగా మిగలదు.

మా చుట్టాల్లో ఒక పిలగాడున్నాడు. షాదీ ఫోటోలు బాగా తీస్తాడు. పాత కెమెరా షట్టర్ అరిగిపోయింది, కొత్తది కొనడానికి డబ్బు కూడా కూడేశాడు. ఇంకా కొనలేదేంటి అని అడిగితే, “భయ్యా, ఇప్పుడు కొంటే నాకంటే బేవకూఫ్ ఎవడుండడు. కెనాన్ ఆర్ వన్ వస్తుందంట. గ్లోబల్ షట్టరంట. అది వస్తే ఇప్పుడున్నవన్నీ కబాడీకే” అన్నాడు. ఎవరన్నారు అని అడిగా. “అందరూ అంటున్నరు భయ్యా” అన్నాడు. వదంతికి ఇంతకంటే మంచి తర్జుమా నేను ఎక్కడా వినలేదు. ఆ ఒక్క మాట మీద భరోసా పెట్టుకుని వాడు రెండు సీజన్లు కెమెరా కిరాయికి తెచ్చి పని చేశాడు. కిరాయికి పోసిన డబ్బు లెక్కేస్తే మంచి లెన్స్ ఒకటి వచ్చేది.

ఇంతకీ ఆ ఆర్ వన్ హకీకత్ ఏంటో చూద్దాం.

కెనాన్ కంపెనీ ‘ఆర్’ వరస మిర్రర్‌లెస్ కెమెరాలు 2018లో మొదలుపెట్టింది. స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ల కోసం అన్నిటికంటే పై మెట్టు కెమెరా ఎప్పుడొస్తుందా అన్న ఇంతెజార్ ఆనాటి నుంచే ఉంది. 2021 ఏప్రిల్‌లో ఆర్3 తయారు చేస్తున్నామని కంపెనీ ఐలాన్ చేసింది. ఎన్ని మెగాపిక్సెళ్లో మాత్రం చెప్పలేదు. చెప్పని చోటంతా అఫ్వా నిండిపోయింది. ఆ వేసవిలో టోక్యో ఒలింపిక్స్‌కి ముందస్తు ఆర్3 తీసుకెళ్లిన ఒక ఫోటోగ్రాఫర్ కొన్ని ఫోటోలు నెట్‌లో పెట్టాడు. ఫోటో ఫైల్‌తోపాటే ఉండే సమాచారంలో 6000×4000 అని ఉంది. అంటే 24 మెగాపిక్సెళ్లు. అంతకాలం వెయ్యి నోళ్లు తేల్చలేని సంగతిని ఒక్క తస్వీర్ తేల్చేసింది. సెప్టెంబర్‌లో కంపెనీ చెప్పింది కూడా అదే, 24 మెగాపిక్సెళ్లు, సెకనుకు 30 ఫ్రేములు.

ఆ తర్వాత అందరి చూపూ ఆర్1 మీద పడింది. 45 మెగాపిక్సెళ్లన్నారు, 85 అన్నారు. గ్లోబల్ షట్టర్ ఖాయం అన్నారు. 2023 నవంబర్‌లో సోనీ ఎ9 మార్క్ 3 అనే కెమెరా ప్రకటించింది. పూర్తి ఫ్రేమ్ కెమెరాల్లో గ్లోబల్ షట్టర్ ఉన్న మొదటిది అదే, సెకనుకు 120 ఫ్రేములు. ఇక కెనాన్ తగ్గుతుందా అన్న ధీమాతో అఫ్వా ఇంకా బలిసింది. 2024 మే 15న ఆర్1 తయారవుతోందని కెనాన్ చెప్పింది. అప్పుడూ మెగాపిక్సెళ్ల మాట లేదు. పారిస్ ఒలింపిక్స్ మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు, జులై 17న పూర్తి వివరాలు వచ్చాయి. 24.2 మెగాపిక్సెళ్లు. సెకనుకు 40 ఫ్రేములు. గ్లోబల్ షట్టర్ లేదు. అమెరికాలో ధర 6,299 డాలర్లు. మన రూపాయల్లో, పన్నులు కలపకుండానే, ఐదు లక్షలు దాటే మాట. దుకాణాలకు చేరేసరికి నవంబర్ అయ్యింది, పారిస్‌లో పతకాలు పంచేసిన మూడు నెలలకు.

ఆర్1 చెడ్డ కెమెరా అని నేననను. ఫోకస్ పట్టుకోవడంలో, చీకట్లో పని చేయడంలో అది చాలా ముందుంది. స్టేడియంలో పనిచేసే వాడికి కావాల్సిన కెమెరానే కంపెనీ చేసింది. మావాడు రెండేళ్లు ఎదురుచూసిన కెమెరా మాత్రం ఎన్నడూ రాలేదు, ఎందుకంటే అది అఫ్వాలో తప్ప ఎక్కడా లేదు. ఇప్పుడు అదే ముచ్చట నికాన్ జెడ్9 వారసుడి మీద నడుస్తోంది. పేరు మారింది, పాట అదే.

ఈ అఫ్వాలు పుట్టే కార్ఖానా ఎలా పని చేస్తుందో తెలిస్తే సగం మోజు దిగిపోతుంది. వైఫై ఉన్న ఏ కెమెరానైనా అమ్మకానికి ముందు దేశదేశాల సర్కారీ సంస్థల దగ్గర నమోదు చేయాలి. అక్కడ ఒక కోడ్ నంబర్ బయటపడుతుంది. దాన్నిబట్టి ఏదో కొత్త కెమెరా ఉందని తెలుస్తుంది, అది ఎలాంటిదో తెలియదు. రెండోది పేటెంట్లు. కంపెనీలు చాలా ఆలోచనలకు పేటెంట్లు తీసుకుంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఎప్పటికీ వస్తువుగా మారవు. మూడోది, ముందే కెమెరా చూసిన డీలరో, పరీక్షించిన ఫోటోగ్రాఫరో నోరు జారడం. నాలుగోది మనసులో కోరిక. ‘ఇలా ఉంటే బాగుండు’ అని ఒకడు రాస్తాడు, మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి ‘ఇలా ఉందంట’ అవుతుంది.

అఫ్వా నడిపేవాళ్లందరూ ఝూటా మనుషులని కాదు. కెనాన్ అఫ్వాల మీద నడిచే ఒక పేరున్న సైట్ తన కబుర్లకు తనే దర్జాలు ఇస్తుంది. సీఆర్1 అంటే నమ్మకం తక్కువ, సీఆర్2 అంటే పర్వాలేదు, సీఆర్3 అంటే దాదాపు పక్కా. రాసేవాడు ఒకటో దర్జా అని చెప్పే రాస్తాడు. ఇరవై ఏళ్లుగా పేపర్ పని చేస్తున్నవాణ్ని, నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. మన టీవీ ఛానెళ్లు కూడా అంత ఈమాన్‌దారీ చూపిస్తే బాగుండనిపిస్తుంది. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. యూట్యూబ్‌లో వీడియో చేసేవాడు దర్జా తీసేస్తాడు. ఆ వీడియోని వాట్సాప్‌లో పంపేవాడు ‘రూమర్’ అన్న మాట కూడా తీసేస్తాడు. మావాడి ఫోన్‌కి చేరేసరికి అది ఖబర్.

ఇందులో డబ్బు కూడా ఉంది. ఇలాంటి చాలా సైట్లకు, ఛానెళ్లకు ప్రకటనల మీద, దుకాణాల లింకుల మీద కమిషన్ వస్తుంది. కొత్త కెమెరా వచ్చాక నెల రోజులే దాని గురించి చెప్పడానికి ఉంటుంది. రాకముందు మూడేళ్లు చెప్పొచ్చు. మన ఇంతెజారే వాళ్ల పంట. కంపెనీలకూ ఇది పూర్తిగా నుక్సాన్ కాదు. ‘తయారు చేస్తున్నాం’ అని చెప్పి, అంకెలు దాచిపెడితే, వాళ్ల గిరాకీ పక్క కంపెనీకి వెళ్లకుండా ఆగి కూర్చుంటాడు. ఈ మొత్తం లావాదేవీలో ఖాళీ చేతులతో కూర్చునేది ఒక్క పని చేసుకునేవాడే.

ఇక అసలు ఆ వేగం ఎవరి కోసమో చూడండి. ఒలింపిక్స్‌కీ వేగం కెమెరాలకీ పాత రిష్తా ఉంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కోసం కెనాన్ సెకనుకు 9 ఫ్రేములు తీసే ఎఫ్-1 చేసింది. 36 ఫ్రేముల ఫిల్ము నాలుగు సెకన్లలో ఖతం. 1984 లాస్ ఏంజెలెస్ కోసం 14 ఫ్రేముల కెమెరా చేసింది. డిజిటల్ వచ్చాక వేగం ముందు తగ్గింది. 1999లో వచ్చిన నికాన్ డీ1 సెకనుకు నాలుగున్నర ఫ్రేములు, 2.7 మెగాపిక్సెళ్లు. 2001లో కెనాన్ వన్‌డీ 8 ఫ్రేములు. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి ఇప్పుడు 30, 40, 120 దగ్గర ఉన్నాం. ఈ చరిత్ర అంతా స్టేడియం గోడల మధ్య నడిచింది. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. సెకనుకు 40 చొప్పున అయితే ఆ పరుగుకి 383 ఫోటోలు. వాటిలో ఛాతీ గీతను తాకిన ఫోటో ఒకటే. దాని కోసం ఏజెన్సీవాళ్లు ఐదు లక్షలు పెట్టడంలో అర్థం ఉంది, ఆ ఒక్క ఫోటో ప్రపంచమంతా అమ్ముడవుతుంది.

మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ రింగ్‌లో పంచ్ విసిరితే గ్లవ్ అవతలి మనిషి ముఖానికి తగిలిన క్షణం కంటికి కూడా అందదు. సిరాజ్ యార్కర్‌కి వికెట్ లేచినప్పుడు బెయిల్ గాలిలో ఉండేది రెప్పపాటే. సింధు స్మాష్ కొట్టినప్పుడు షటిల్ రాకెట్‌ని వదిలే క్షణమూ అంతే. ఇవి తీసేవాళ్లకు వేగం జరూరత్. మనవాళ్లలో ఆ పని చేసేవాళ్లు ఉంటే, వాళ్లు ఈ కెమెరాలు కొనాల్సిందే, నాకు ఏ ఐతరాజ్ లేదు.

మిగతా వాళ్లం షాదీఖానాకి వద్దాం. సెకనుకు 40 ఫ్రేముల కెమెరాతో వలీమాలో మొత్తం మీద ఒక్క నిమిషం బటన్ నొక్కి ఉంచారనుకోండి. 2,400 ఫోటోలు. ఒక్కో రా ఫైల్ 30 ఎంబీ అనుకుంటే 72 జీబీ. ఆ ఫోటోలు కూర్చుని చూసి, ఒక్కో దానికి రెండు సెకన్లిచ్చి, ఉంచాలా తీయాలా తేల్చాలంటే 80 నిమిషాలు. అదంతా చేస్తే తేలేది ఏమిటి? చిచ్చా బిర్యానీ ముద్ద నోట్లో పెట్టుకుంటున్న 40 ఫోటోలు, వాటిలో 39 ఆల్బంలో పనికిరానివి. సెకనుకు 5 ఫ్రేముల కెమెరాతో, ఎప్పుడు నొక్కాలో తెలిసిన చెయ్యి అదే పని మూడు ఫోటోల్లో చేస్తుంది.

మెగాపిక్సెళ్ల మోజు కూడా ఇలాంటిదే. మన షాదీ ఆల్బం మామూలుగా 12×36 అంగుళాల షీటు. మధ్యలో మడిస్తే ఒక్కో పేజీ 12×18. ఆర్1 లాంటి 24 మెగాపిక్సెళ్ల ఫోటో 6000×4000 పిక్సెళ్లు. 6000ని 18తో భాగించండి, అంగుళానికి 333 వస్తాయి. మంచి ప్రింటుకి 300 చాలు. అంటే ఒక ఫోటోని పేజీ నిండా వేసినా 24 సరిపోయి ఇంకా మిగులుతుంది. మధ్య రకం కెమెరాలు కూడా ఈపాటికి 24 ఇస్తున్నాయి.

గ్లోబల్ షట్టర్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ అఫ్వా దాని మీదే. మామూలు డిజిటల్ సెన్సర్ ఫోటోని పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. ఆ చదివే లోపు మనిషి కదిలితే తిరిగే బ్యాట్ వంకరగా వస్తుంది. గ్లోబల్ షట్టర్ అన్ని వరసలనీ ఒక్కసారే పట్టుకుంటుంది. గొప్ప విషయమే. ఫ్లాష్‌ని ఎంత వేగమైన షట్టర్‌తోనైనా వాడొచ్చు. కానీ దేనికైనా కీమత్ ఉంటుంది. సోనీ ఎ9 మార్క్ 3లో అతి తక్కువ మామూలు ఐఎస్ఓ 250. వెలుగు, చీకటి రెండూ ఒకే ఫోటోలో పట్టే శక్తి దాని తోటి కెమెరాల కంటే తగ్గింది. 120 ఫ్రేముల వేగంతో నొక్కి పట్టుకుంటే రెండు సెకన్లు కూడా కాకముందే దాని బఫర్ నిండిపోతుంది. నల్ల షేర్వానీ దూల్హా, జరీ చమ్కీల దుల్హన్ ఒకే ఫ్రేములో కూర్చునే షాదీలో ఏ శక్తి ఎక్కువ కావాలో మీరే ఆలోచించండి. అఫ్వా ఎప్పుడూ ఫాయిదా ఒక్కటే మోసుకొస్తుంది, బిల్లు తర్వాత వస్తుంది.

షాదీలో ఒక ముష్కిల్ మాత్రం నిజంగా ఉంది, అది మనవాళ్లందరికీ తెలుసు. నికా ఖుత్బా జరుగుతుంటే టకటకమని షట్టర్ చప్పుడు చేయడం బాగుండదు. సైలెంట్ షట్టర్ పెడదామంటే హాలు నిండా ఎల్ఈడీ లైట్లు, వెనక ఎల్ఈడీ తెర. మామూలు సెన్సర్‌తో ఫోటో మీద నల్ల పట్టీలు పడతాయి. వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్ ఇక్కడ పనికొస్తుంది, పట్టీలు చాలా తగ్గుతాయి. అది కావాలంటే మాత్రం పుట్టని కెమెరా కోసం ఆగక్కర్లేదు. సోనీ ఎ9 2017లోనే ఆ సెన్సర్‌తో వచ్చింది. నికాన్ జెడ్9 2021లో మెకానికల్ షట్టర్‌నే తీసేసి వచ్చింది. అలాంటి పాత మోడళ్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. అదీ కుదరకపోతే ఖుత్బా అయ్యేదాకా నాలుగు ఫోటోలే తీసి, ఖుబూల్ హై దగ్గర చప్పుడైనా ఫర్వాలేదనుకునే పెద్దలు ఎక్కువమందే ఉన్నారు.

ఎదుటి పక్షం మాట కూడా వినాలి. ‘అఫ్వాలు పట్టించుకోకుండా కొంటే, కొన్న నెలకే కొత్తది వచ్చి పాతది చౌకైతే నుక్సాన్ ఎవరికి?’ అని అడుగుతారు. న్యాయమైన సవాల్. ఐదేళ్ల కిందటి కెమెరాని పూర్తి ధరకు కొనబోతున్నవాడు రెండు నెలలు ఆగితే తప్పు లేదు. కంపెనీయే తేదీ చెప్పి ఐలాన్ చేస్తే ఇంకా మంచిది, ఆగండి. ఆగి, కొత్తది వచ్చాక తగ్గిన ధరకు పాతది కొనండి. అఫ్వాని వాడుకోవడం అంటే అదే. తేదీ లేని, కంపెనీ నోటి నుంచి రాని కెమెరా కోసం సీజన్ వదులుకోవడం వేరే సంగతి. రంజాన్ అయిపోయి షవ్వాల్ రాగానే మన షాదీలు మొదలవుతాయి. మాఘంలో, శ్రావణంలో హిందూ భాయీల ముహూర్తాలుంటాయి. మన ఫోటోగ్రాఫర్లు రెండు చోట్లా పని చేస్తారు. ఆ నెలల్లో వచ్చిన డబ్బుతోనే మిగతా సంవత్సరం గడవాలి. ఒక సీజన్ పోతే ఏ కొత్త కెమెరా దాన్ని వెనక్కి తేలేదు.

ఇంకొక సంగతి అఫ్వాల్లో ఎప్పుడూ కనబడదు. చేతిలో ఉన్న కెమెరా కూడా మెరుగవుతూ ఉంటుంది. నికాన్ 2022 ఏప్రిల్‌లో జెడ్9కి ఫ్రీగా ఒక అప్‌డేట్ ఇచ్చింది. బటన్ పూర్తిగా నొక్కడానికి ఒక సెకను ముందు నుంచే ఫోటోలు దాచిపెట్టే సౌకర్యం దాంతో వచ్చింది. 2023 జూన్‌లో ఇంకో అప్‌డేట్‌తో, మనిషి చెయ్యి లేకుండా కదలిక చూసి తనే ఫోటో తీసే సౌకర్యం వచ్చింది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. మన దగ్గర అప్‌డేట్ చేయని కెమెరాలు ఎన్ని ఉన్నాయో అడిగి చూడండి. కొత్త కెమెరా గురించి పదిహేను వీడియోలు చూసినవాడు కూడా తన కెమెరా మాన్యువల్ పది పేజీలు చదివి ఉండడు.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకు రాజా దీన్ దయాళ్ పేరు తెలుసు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారీ ఫోటోగ్రాఫర్. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అన్న ఖితాబ్ ఇచ్చాడు. గాజు పలకల మీద, ఒక్కొక్కటిగా, ముక్కాలి పీట మీద పెద్ద చెక్క కెమెరా నిలబెట్టి ఆయన తీసిన ఫోటోలే ఇవాళ ఆ జమానా హైదరాబాద్‌ని మనకు చూపిస్తున్నాయి. ఆ కాలానికి తిరిగి వెళ్దామని నేననడం లేదు, గాజు పలకతో ఎవడూ షాదీ బుకింగ్ తెచ్చుకోలేడు. ఫోటో తీసేవాడు తన దగ్గరున్న యంత్రాన్ని ఎంత బాగా ఎరిగి ఉంటే పని అంత బాగుంటుంది, ఆ సంగతి మాత్రం అప్పటికీ ఇప్పటికీ మారలేదు.

ఇక పని కొచ్చే మాట. కొత్త కెమెరా కొనాలా వద్దా అన్నది యూట్యూబ్ చెప్పలేదు, మీ హార్డ్ డిస్క్ చెప్తుంది. ఆఖరి పది షాదీల ఫోటోలు తెరవండి. ఖరాబైన ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేయండి. ఒక్కొక్కటీ ఎందుకు ఖరాబైందో ఒక మాట రాయండి. చీకటి వల్లా? ఫోకస్ తప్పిందా? ఫ్లాష్ ఆలస్యంగా వెలిగిందా? మధ్యలో ఎవరో అడ్డం వచ్చారా? కార్డు పాడై ఫోటోలే పోయాయా? లేక నిజంగానే వేగం చాలలేదా? చీకటి అని ఎక్కువ వస్తే వెలుగు ఎక్కువ పట్టే లెన్స్ కొనాలి. ఫోకస్ అని వస్తే కళ్లను గుర్తుపట్టే ఆటోఫోకస్ ఉన్న మధ్య రకం బాడీ చాలు. ఫ్లాష్ అని వస్తే ఫ్లాష్ కొనాలి, కెమెరా వద్దు. కార్డు అని వస్తే రెండు కార్డులు పట్టే కెమెరా, ఇంట్లో రెండు హార్డ్ డిస్కులు కావాలి. అడ్డం వచ్చారని వస్తే ఒక చెల్లినో తమ్ముణ్నో అసిస్టెంటుగా పెట్టుకుని రెండో కెమెరా ఇవ్వాలి, ఇంకొకరికి పని దొరుకుతుంది కూడా. వేగం అని ఎక్కువసార్లు వచ్చినవాళ్లుంటే నాకు రాయండి. షాదీలు తీసేవాళ్లలో అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారని నా అందాజా.

ఐదు లక్షలకు ఒక్క పై మెట్టు కెమెరా వస్తుంది, దానికి పెట్టడానికి లెన్స్ కూడా రాదు. అదే డబ్బుని తెలివిగా పెడితే రెండు బాడీలు, ఒక మంచి లెన్స్, ఫ్లాష్‌లు, హార్డ్ డిస్కులు, నాలుగు బ్యాటరీలు వచ్చి ఒక పూర్తి స్టూడియో నిలబడుతుంది. ఆ రెండు బాడీల్లో ఒకటి షాదీ మధ్యలో మొరాయించినా రెండోది పని చేస్తుంది. పై మెట్టు కెమెరా ఒక్కటే ఉన్నవాడికి అది మొరాయిస్తే దూల్హా తరఫువాళ్ల ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఈ రాత చదివే అమ్మీలకు, అబ్బాలకు, అక్కలకు ఒక మాట. మీ ఇంట్లో పిల్ల గానీ పిల్లగాడు గానీ కెమెరా కోసం డబ్బడిగితే వెంటనే కాదనొద్దు. ఈ పనిలో ఇజ్జత్ ఉంది, కడుపు నింపే శక్తి ఉంది. అలాగని అంకెలు విని గాజులు తీసి ఇవ్వొద్దు. సెకనుకు ఎన్ని ఫ్రేములో మీకు తెలియాల్సిన పని లేదు. మూడే అడగండి. ఈ కెమెరా దుకాణంలో ఇవాళ ఉందా, లేక ఎవరో వస్తుందన్నారా? ఇది లేక పోయిన సంవత్సరం ఏ పని పోగొట్టుకున్నావు? కిస్తీ ఎన్ని షాదీల్లో తీరుతుంది? మూడిటికీ కళ్లలో కళ్లు పెట్టి జవాబు చెప్తే డబ్బివ్వండి, దువా కూడా ఇవ్వండి. “అందరూ అంటున్నరు అమ్మీ” అని వస్తే మాత్రం గాజులు చేతికే ఉంచుకుని, “ముందు నీ ఖరాబైన ఫోటోలు తెచ్చి చూపించు బేటా” అనండి.